కరవుసీమ ఎద్దుల కీళ్ళు

పశువుల సంతలో దళారి తుండుగుడ్డ మాటున వేళ్ళు పట్టి బేరము సాగించుచుండగా, అనుభవశాలియైన కాపు ఎద్దు కొమ్ములమీదను మూపురముమీదను చూపు నిలుపక, దానిని ఒకసారి పండుకొననిచ్చి, పిదప అదలించి లేపి, అది లేచు తీరును నిదానించి చూచును. పశువు లేచునప్పుడు ముందుగా వెనుకభాగమును ఎత్తి, ముందుకాళ్ళ మోకాళ్ళపై క్షణకాలము నిలిచి, అనంతరము ఒక్కొక్క కాలిని చాచి గిట్టను నేలపై మోపును. తుంటికీలునందు బాధ కలిగిన ఎద్దు ఆ మొదటి ఊపును ఒక్క యత్నమున సాధింపలేదు; ముందుకాలి కీలునందు బాధ కలిగినది మోకాళ్ళమీదనే తడవుసేపు నిలిచి లేచుటకు సంకోచించును. ఎట్లో లేచిన పిదప నాలుగడుగులు బిగిసికొని వేసి, కొంతదూరము నడచునప్పటికి కీళ్ళు వదులై మామూలు నడకలో పడును. ఈ తొలి నాలుగడుగుల బిగువే కీళ్ళవ్యాధికి ప్రథమలక్షణము. పశువైద్యగ్రంథములు చెప్పునదియు, సంతలో కాపు కనిపెట్టునదియు ఒక్కటియే.

ఇంతకుమించి పశువు తానై చెప్పునది స్వల్పము. తోడేలుకును పులికిని ఆహారమగు జాతులలో కుంటుచున్నట్లు కనబడినదే ముందుగా వేటకు చిక్కును గనుక, నొప్పిని కప్పిపుచ్చుకొనుట వాని స్వభావమున తరతరములుగా నాటుకొనియున్నది. కావున సాకువాడు చిన్న చిన్న గురుతులను వెదకవలసియుండును: మందలో ఎప్పుడును ముందు నడచునది వెనుకబడుట, నిలుచున్నచోట ఒక కాలి బరువును మాటిమాటికి మరొక కాలిమీదికి మార్చుట, దుమ్ములో గిట్టకొన ఈడ్చిన చార కనబడుట, ఒకే కీలును పదేపదే నాకుకొనుట, నెమరు తగ్గుట. ఇంటికుక్కయైనచో అరుగుమీది కెక్కుట మానును. పిల్లలు తాకినంతనే విసుగుకొనును. పిల్లి మరింత గుట్టు గలది. 2002 లో అమెరికాలో వెలువడిన ఒక పరిశోధనయందు 12 ఏండ్లు దాటిన 100 పిల్లుల ఎక్సురే చిత్రములను పరీక్షింపగా, వానిలో 90 పిల్లులకు కీళ్ళ క్షీణతాలక్షణములు కనబడినవి. ముసలిపిల్లి గోడ యెక్కుట మానినప్పుడును, వీపుమీది వెండ్రుకలను నాకి శుభ్రపరచుకొనుట విడిచినప్పుడును, మనము దానిని వయోధర్మమని సరిపెట్టుకొందుము. అది పెక్కుసార్లు నొప్పియే.

నొప్పి ఎట్లు పుట్టునో తెలిసికొన్నగాని దానికి చేయవలసిన ఉపచారము తెలియదు. రెండెముకలు కలియుచోట వాని కొనలపై నున్నని మృదులాస్థి పొర యుండును. ఆ పొరలో రక్తనాళములు లేవు, నాడులును లేవు. రక్తమందని ఆ పొరకు వలయు పోషకములు, కీలును చుట్టియున్న సంచిలో ఊరెడి చిక్కని సంధిద్రవమునుండియే రావలెను. నీట నానిన దూదిని నొక్కి విడిచినప్పుడు పాతనీరు పోయి క్రొత్తనీరు పీల్చుకొనునట్లు, అడుగు మోపినప్పుడు నొక్కుకొని, అడుగెత్తినప్పుడు విచ్చుకొనుచు మృదులాస్థి ఆ ద్రవమును గ్రహించును. ఇట్లు నడకయే దానికి భోజనము. అయితే కీలు వంకరగా పొందియున్నను, మితిమీరిన బరువు పడినను, దెబ్బ తగిలినను, ఆ పొరలోని కణములు తమ చుట్టునున్న పదార్థమును కట్టుటకంటె కరగించుటయే అధికముగా చేయనారంభించును. నున్నని తలము గరుకగును, సంచి వాచును, ఎముక తన అంచులవెంబడి మొలకలవంటి ముండ్లను పెంచుకొనును. పొరలో నాడులు లేవు గనుక ఇంత జరుగుచున్నను మొదట నొప్పి తెలియదు. సంచికిని, క్రింది ఎముకకును బాధ తగిలిన తరువాతనే కుంటు బయటపడును. అప్పటికి పొర చాలవరకు అరిగిపోయియుండును, అరిగిన పొర మరల యథాతథముగా పెరుగదు. మరియొక సంగతి కూడ కలదు: చిరకాలము నొప్పి ననుభవించిన ప్రాణి వెన్నుపాములోని నాడులు అతిసున్నితములై, చిన్న స్పర్శను కూడ పెద్ద బాధగా గ్రహించుట కలవాటుపడును. నొప్పిని ఉపేక్షించినకొలది అది తీర్చుటకు కష్టతరమగుటకు కారణమిదే.

ఇంతవరకు చెప్పినది సర్వదేశములకు సమానము. అనంతపురము మెట్టసీమలో దీనికి తోడుగా మరియొక కథ కలదు. అది తెలుగునేలమీదనే, ఎద్దుల కీళ్ళలోనే మొదట బయటపడినది.

1934 లో మహాజన్ అను శాస్త్రజ్ఞుడు హైదరాబాదు సంస్థానపు కొన్ని ప్రాంతముల పశువులలో కనబడిన ఒక వింతవ్యాధిని వర్ణించెను. 1937 లో షార్ట్ అను వైద్యుడును ఆయన సహచరులును నాటి మద్రాసు రాష్ట్రములోని నెల్లూరు జిల్లా పల్లెలను పరిశీలించి, అచటి మనుష్యులను వెన్ను వంగనీయక, మెడ త్రిప్పనీయక బిగించివేయుచున్న రోగము త్రాగునీటిలోని ఫ్లోరైడువలన కలుగుచున్నదని నిర్ధారించిరి. భారతదేశమున మనుష్యులలో ఫ్లోరోసిస్ గుర్తింపబడుట అదియే మొదలు. అయితే వైద్యులు రాకమునుపే ఆ పల్లెల రైతులు తమ దుక్కిటెద్దులు కీళ్ళు బిగిసి, నొప్పిచేత కాడి లాగలేక, కడకు నడువనైన నడువలేక చతికిలబడుటను కనిపెట్టియుండిరి. అదే నీటిని త్రాగుచున్న మనుష్యులలో అదే బాధ కొన్ని ఏండ్ల తరువాతగాని తేటపడలేదు. ఎద్దు కుంటిన నాడే బావినీటిని పరీక్షించియుండినచో ఎందరి వెన్నులు నిటారుగా నిలిచియుండెడివో యని తలచినప్పుడెల్ల నాకు మనసు కలతపడును. కుంటును మందుతో అణచుటకు ముందు అది దేనిని తెలుపుచున్నదో చదువవలెనని నేను చెప్పదలచుటకు ఆ నెల్లూరి ఎద్దులే ఆధారము.

అనంతపురము సీమ పడమటి కనుమల వర్షచ్ఛాయయం దున్నది. నైరృతి ఋతుపవనము ఆ కనుమలకడనే తన నీటిని కురిపించి ఇచటికి వట్టిగాలిగా వచ్చును. ఈశాన్య ఋతుపవనము తూర్పుతీరమునుండి ఇంతదూరము ప్రయాణించునప్పటికి బలహీనపడును. ఏడాది సగటు వర్షపాతము 550 మిల్లీమీటర్ల ప్రాంతము. అదియు ఏటేట నమ్మదగినది కాదు. ఎఱ్ఱనేలల అడుగున అతిప్రాచీనములైన గ్రానైటు, నైసు శిలలు కలవు; వానిలోని ఫ్లోరైటు, అపటైటు, నల్లఅభ్రకము మొదలగు ఖనిజములలో ఫ్లోరైడు ఇమిడియున్నది. చెఱువులును, చేదబావులును నిండియున్న కాలమున పైపొరలలోని నీరే వాడుకకు వచ్చుచుండెడిది. అవి ఎండగా, బోరుబావులు వందల అడుగులు లోతునకు దిగినవి. ఆ లోతున రాతిపగుళ్ళలో నీరు చిరకాలము నిలిచియుండి, రాతితో దీర్ఘసంపర్కము పొంది, కాల్షియమును కోల్పోయి, క్షారగుణము నలవరచుకొని, ఫ్లోరైడును అధికముగా కరగించుకొనును. ఎండ తీవ్రతచే నేలనీరు ఆవిరియగుట ఈ సాంద్రతను మరింత పెంచును. కరవునకును కీళ్ళనొప్పికిని గల సంబంధము ఈ విధముగా భూగర్భముననే ఏర్పడుచున్నది.

మనుష్యుల త్రాగునీటికి లీటరుకు 1 మిల్లీగ్రాము ఫ్లోరైడు తగినదనియు, వేరు ఆధారము లేనప్పుడు 1.5 మిల్లీగ్రాములవరకు సహింపవచ్చుననియు భారతీయ ప్రమాణము చెప్పుచున్నది. పశువులకు 2 మిల్లీగ్రాములను హద్దుగా సాధారణముగా గ్రహింతురు. కాని వేసవిలో పనిచేయు పెద్దఎద్దు రోజునకు 40, 50 లీటర్ల నీరు త్రాగును. అదే నీటితో పెరిగిన మేత మేయును. అదే దుమ్మును నాకును. ఒంటిలోనికి చేరిన ఫ్లోరైడులో కొంత మూత్రమున పోగా, తక్కినది ఎముకలో స్థిరపడును. ఎముకకు గట్టిదనమిచ్చు స్ఫటికములలోని హైడ్రాక్సిల్ స్థానమును ఫ్లోరైడు ఆక్రమించినప్పుడు ఎముక చూచుటకు మందమై, వాస్తవమునకు పెళుసగును; కాళ్ళ ఎముకలమీదను, ప్రక్కటెముకలమీదను, దవుడమీదను చేతికి తగులునంతటి బొడుపులు లేచును; కీలును పట్టియుంచు సంధిబంధనములు సయితము ఎముకగా మారి బిగిసికొనును. ఇది అరుగుదలవలన కలిగిన కీళ్ళనొప్పి కాదు గనుక, నొప్పిమందు ఎంత పోసినను, తొట్టిలోని నీరు మారనంతవరకు వ్యాధి ముదురుట ఆగదు.

దీనిని గుర్తించుటకు ఎద్దు నోరు తెరిపించి చూచిన చాలును. పండ్లు వచ్చుచున్న ప్రాయమున ఫ్లోరైడునీరు త్రాగినదానికి ముందుపండ్లు సుద్దవలె తెల్లని మచ్చలతోనో, గోధుమవన్నె చారలతోనో ఏర్పడి, హెచ్చుతగ్గులుగా అరిగిపోవును. పండ్లు అరిగినది చొప్పను నమలలేదు, నమలలేనిది చిక్కిపోవును, చల్లని నీరు పండ్లకు తగిలినంతనే తల వెనుకకు తీసికొని, నాలుకతో గతుకుచు త్రాగును. మందలో ఒక్క ముసలియెద్దు మాత్రమే కుంటుచున్నచో అది వయస్సు. రెండు మూడేండ్ల గిత్తలు, పాడిఆవులు, గొఱ్ఱెలు సయితము కాళ్ళు మార్చి మార్చి కుంటుచు, వాని పండ్లు మచ్చలుపడియున్నచో అది నీరు. పట్టణములలోని పెద్ద యంత్రములు లేకయే ఈ వివేచనము పల్లెలో చేయదగును.

అయితే కుంటునంతటిని నీటికే ఆరోపించుటయు పొరపాటే. వరుసగా వానలు తప్పిన ఏండ్లలో ఎండిన గడ్డిలో భాస్వరము క్షీణించును. అది చాలని పశువు బిగుసుకొని నడచుటయే గాక, ఎముకలను, తోలుముక్కలను, మట్టిని నమలుట కారంభించును. దక్షిణాఫ్రికాలోని మెట్టభూములలో ఇట్టి పశువులు పడియున్న కళేబరముల ఎముకలను నమలి, వానిలోని విషముచే పక్షవాతము పొంది మరణించుచున్నవని ఇరువదవ శతాబ్దపు తొలిదశకములలో ఆర్నల్డ్ థైలర్ అను పశువైద్యుడు నిరూపించెను. ఎముకపొడి మేపగా ఎముకలు నమలుట నిలిచినది. మన సీమలో కరవుఏట ఎముక నమలుచున్న ఆవును చూచినప్పుడు దాని కీళ్ళబిగువునకు కారణ మక్కడనే యున్నదని గ్రహింపవచ్చును. మరికొన్ని ఎద్దులకు వెనుకకాలి మోకాలిచిప్ప పైన చిక్కుకొని, కాలు వంగక వెనుకకు ఈడ్చుకొనిపోయి, ఒక్క కుదుపుతో ముందుకు వచ్చును. దీనిని వాతమని యెంచి ఏండ్లతరబడి తైలములు రాచువారు కలరు. వాస్తవమునకు చిప్పను పట్టియున్న లోపలి బంధనమును పశువైద్యుడు చిన్నకోతతో తెంచినచో, కొన్ని నిమిషములలో ముగియు ఆ చికిత్సతో పెక్కు ఎద్దులు ఆనాడే మామూలుగా నడువగలుగును. అప్పుడే పుట్టిన దూడలకు, గొఱ్ఱెపిల్లలకు కీళ్ళు వేడిగా వాచినచో అది బొడ్డుద్వారా సోకిన సూక్ష్మజీవుల పని. ఒక్కపూట ఆలసించినను కీలు చెడును. బొడ్డుకు పుట్టిననాడే అయోడిన్ పూయుటయు, జున్నుపాలు వెంటనే త్రాగించుటయు దానికి నివారణము.

ఇక పనిభారమువలన కలుగు అరుగుదల. కన్నడసీమనుండి వచ్చు హళ్ళికార్ జాతి ఎద్దులు సన్నని కాళ్ళతో, చురుకైన నడకతో ఈ రాతినేలకు తగినవి. మడకకును, గుంటకకును, బండికిని కట్టబడి పదేండ్లకు పైగా శ్రమించిన ఎద్దు కీళ్ళు అరుగుట సహజమే. కాని లాడము ఊడిన గిట్టతో రాళ్ళమీద నడిపించుట, ఎత్తు సమముకాని జతను ఒకే కాడికి కట్టుట, దూడప్రాయముననే బరువు లాగించుట—ఇవి ఆ అరుగుదలను అకాలమున తెచ్చును. గిట్ట ఒకవైపు పెరిగినచో దాని పైనున్న కీళ్ళన్నిటిపైనను బరువు వంకరగా పడును గనుక, కీళ్ళవైద్యము గిట్టను చెక్కించుటతో ఆరంభమగునని చెప్పుట అతిశయోక్తి కాదు. 1965 నాటి కేంద్రప్రభుత్వ నియమములు బండి లాగు పశువును రోజునకు మొత్తము 9 గంటలకు మించి గాని, విరామము లేక 5 గంటలకు మించి గాని పనిచేయింపరాదనియు, ఉష్ణోగ్రత 37 డిగ్రీలు దాటుచోట మధ్యాహ్నము 12 నుండి 3 గంటలవరకు అసలే కట్టరాదనియు శాసించుచున్నవి. మార్చి నెలాఖరునుండి మొదటి వానలవరకు ఈ జిల్లాలో ఆ 37 డిగ్రీల హద్దు దాటని దినములు తక్కువ. ఈ నియమమును వినిన రైతులే అరుదు. దానిని గ్రామసభలో చదివి వినిపించుట పశుసంవర్ధకశాఖకు పెద్ద పని కాదు.

నొప్పి పట్టిన పశువునకు ఇంటిలో చేయదగిన ఉపచారములు ఖర్చు లేనివి, కాని శ్రద్ధ కోరునవి. కొట్టములో పరచిన బండరాళ్ళు శుభ్రపరచుటకు సులభమే గాని, కీలు చెడిన ఎద్దునకు అవి శత్రువులు. లేచునప్పుడు గిట్ట జారును, జారునను భయముచేత అది పండుకొనుటయే మానును, పండుకొననిది విశ్రాంతి లేక మరింత క్షీణించును. అట్టిదానిని మన్నునేలమీదికి మార్చి, చెనిక్కాయ పొట్టునో ఇసుకనో జానెడు మందమున పరచవలెను. మేతయు నీరును నేలమీద గాక, మెడ వంచనక్కరలేని ఎత్తున అమర్చవలెను. బొత్తిగా కట్టివేయుట తగదు. ఉదయము సాయంకాలము కొంత కొంత, మెత్తని దారిన, బరువు లేక నడిపింపవలెను. మృదులాస్థికి నడకయే ఆహారమని పైని చెప్పితిమి గదా; నడక మానిన కాలిలో కండ కరగును, కండ కరగినకొలది కీలుమీది భారము పెరుగును.

పట్టణములలో సాకు కుక్కల విషయమున ప్రథమౌషధము తిండి తగ్గించుట. లాబ్రడార్ వంటి పెద్దజాతులకు తుంటికీలు వదులుగా ఏర్పడు దోషము వంశపారంపర్యముగా కలదు. అనంతపురములోను హిందూపురములోను అవి మేడలలో, నున్నని గచ్చులమీద, అన్నముతో బలిసి పెరుగుచున్నవి. అమెరికాలో 48 లాబ్రడార్ కుక్కలను జతలుగా విభజించి, జతలో ఒకదానికి రెండవదానికంటె నాలుగవవంతు తక్కువ ఆహారము జీవితాంతము పెట్టి చూడగా, తక్కువ తినిన కుక్కలు సుమారు రెండేండ్లు అధికముగా జీవించుటయే గాక, వానికి కీళ్ళవ్యాధి ఎంతో ఆలస్యముగా వచ్చినది. ప్రక్కటెముకలు చేతికి తగులునట్లుండుట కుక్కకు ఆరోగ్యమే. అది యజమానికి అపకీర్తి కాదు. చేపనూనె కుక్కల నొప్పిని కొంత తగ్గించునని పరిశోధనలు బలపరచుచున్నవి. విరివిగా అమ్ముడగు గ్లూకోసమైను పొడులకు అంతటి ఆధారము లేదు.

నాటువైద్యములలో మంచివియు కలవు, చెడ్డవియు కలవు. వావిలాకు కాచిన వేడినీటితో కాపడము పెట్టుట, ఆముదము రాచి మర్దించుట వాచిన కీలునకు హాయి కలిగించును. వావిలియందు వాపు తగ్గించు గుణము కలదని ప్రయోగశాలలలో తేలినది. విరిగిన ఎముకకు నల్లేరు కట్టు కట్టు ఆచారమును 1960ల నాటికే కాశీ హిందూ విశ్వవిద్యాలయమున జంతువులమీద పరీక్షించి, ఎముక అతుకుకొనుట త్వరితమగునని చూపిరి. కాని కాల్చిన ఇనుపకడ్డీతో కీలుమీద వాతలు పెట్టుటను నేను ఏవిధముగను సమర్థింపజాలను. ఆ క్రొత్తబాధ తీవ్రతలో పాతబాధ కొంతసేపు మరుగుపడును. చర్మము కాలి, పుండుపడి, ఈగలు ముసరి పురుగుపట్టును. లోపలి కీలు మాత్రము ఉన్నట్లే యుండును. వాతల మచ్చలు లేని ముసలియెద్దు అరుదుగా కనబడు పల్లెలు ఇంకను కలవనుట విచారకరము.

నొప్పిమందులు అవసరమే, అవి లేనిదే అనేక పశువులు నడకకు రావు. కాని అవి పనిచేయు విధమును తెలిసికొని వాడవలెను. వాపును పుట్టించు ప్రోస్టాగ్లాండిన్ అను పదార్థములను ఈ మందులు అణచును. ఆ పదార్థములే కడుపులోని పొరను, మూత్రపిండములకు పోవు రక్తప్రవాహమును కాపాడుచుండును. కావున దప్పికతో ఒడలెండిన పశువునకు నొప్పిసూది వేసినచో మూత్రపిండములు దెబ్బతినును. ఎండాకాలమున ముందు నీరు త్రాగించి, నీడన నిలిపి, పిదపనే మందు వేయవలెనను నియమము ఈ సీమలో ప్రాణప్రదము. స్టెరాయిడు సూదులు క్షణములో అద్భుతము చూపును గాని, నెలలు నిండిన చూడిఆవు వానివలన అకాలమున ఈనును. పాడిపశువునకు మందు వేసినప్పుడు వైద్యుడు చెప్పిన దినములవరకు పాలు వాడరాదు. ఇక మనుష్యుల మాత్రలను ఇంటిజంతువులకు వేయు అలవాటు ప్రాణాపాయకరము: పారాసిటమాలును విసర్జింపగల శక్తి పిల్లి కాలేయమునకు లేదు, ఒక్క మాత్ర దాని ప్రాణము తీయగలదు, ఐబుప్రోఫెన్ కుక్క కడుపున పుండ్లు పుట్టించి, మూత్రపిండములను చెరచును. 1962 అను సంఖ్యకు ఫోను చేసినచో సంచార పశువైద్యవాహనము ఆంధ్రప్రదేశములోని పల్లెకే వచ్చును. మందులదుకాణములో అడిగి కొనుటకంటె అది శ్రేయస్కరము.

ఎద్దు కీలునకు వేసిన మందు ఆ ఎద్దుతో ఆగిపోదు. 1990ల నుండి మనదేశపు ఆకాశమున రాబందులు మాయమగుట కారంభించినవి; తెల్లవీపు రాబందుల సంఖ్య 1992 నుండి 2007 లోపల వెయ్యింటికి ఒకటిగా క్షీణించినది. కారణము తెలియక ప్రపంచమంతయు తికమకపడుచుండగా, పాకిస్తానులో చేసిన పరిశోధన 2004 లో దానిని బయటపెట్టినది: పశువుల నొప్పికి వాడు డైక్లోఫెనాక్. మందు వేసిన కొద్దికాలమునకే చనిపోయిన పశువు కళేబరమును తినిన రాబందు మూత్రపిండములు చెడి, యూరిక్ ఆమ్లము తెల్లని పొడిగా దాని గుండెపైనను కాలేయముపైనను పేరుకొని, కొద్దిదినములలో అది నేలకూలును. నూరు కళేబరములలో ఒకటికంటె తక్కువ వానిలో ఆ మందు మిగిలియున్నను ఇంతటి వినాశమునకు చాలునని గణితముచే తేలినది. భారతప్రభుత్వము 2006 లో పశువులకై ఆ మందు తయారీని నిషేధించెను. మనుష్యులకై వచ్చు పెద్దసీసాలు పశువులకు మళ్ళుచుండుటచే 2015 లో సీసా పరిమాణమును 3 మిల్లీలీటర్లకు కుదించెను. 2023 లో కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ అను మందులను, 2024 చివర నిమెసులైడును పశువులకు నిషేధించెను. మెలోక్సికామ్, టోల్ఫినమిక్ ఆమ్లము అనునవి ఎద్దు నొప్పిని తీర్చి, రాబందునకు హాని చేయనివిగా పరీక్షలలో నిలిచినవి. లేపాక్షిలో ఒకేరాతిలో చెక్కిన 27 అడుగుల పొడవుగల బసవన్నకు సమీపముననే, జటాయువు నేలకొరిగిన చోటని జనులు చూపు గుట్ట కలదు. ఎద్దును పూజించి, గద్దజాతి పక్షిని స్మరించి, రెంటికిని ఒకేచోట నమస్కరించు సీమలో, వైద్యుడు వ్రాసిన చీటీలో మందు పేరును చదివి అడుగు రైతు ఆ రెంటిని కాపాడినవాడగును.

నొప్పిని మోయు నాడీవర్ధకపదార్థమును అడ్డగించు నెలకొక సూదిమందులు కుక్కలకును, పిల్లులకును ఇటీవల పాశ్చాత్యదేశములలో అనుమతింపబడినవి. అవి పశువులకు గాని, పేదలకు గాని ఇంకను చేరువ కాలేదు. మనకు చేరువలో నున్నది నీరు. 1995 లో ఆరంభమైన సత్యసాయి మంచినీటి పథకము ఈ జిల్లాలోని వందలకొలది గ్రామములకు పైపులద్వారా నీరు తెచ్చినది. అయినను కొట్టములోని తొట్టి తరచుగా బోరునీటితోనే నిండుచుండును. పటికయు సున్నమును కలిపి నీటిలోని ఫ్లోరైడును పేరజేసి తీయు నల్లగొండ పద్ధతి 1970ల నాటిదే యైనను, రోజునకు వందల లీటర్లు త్రాగు మందకు అది శ్రమతో కూడినది. వాననీటిలో ఫ్లోరైడు దాదాపు లేదు. 2006 ఫిబ్రవరి 2 న ఈ జిల్లాలోని బండ్లపల్లి గ్రామమునందే ఆరంభమైన ఉపాధి హామీ పథకముక్రింద త్రవ్విన నీటికుంటలు అనేక పొలములలో కలవు. అవి నిండు నెలలు కొన్నియే, నిండిన నీరును కొద్దియే. ఆ కొద్దినీరు ఎవరికి ముందు పోయవలెనను ప్రశ్నకు శరీరశాస్త్రము స్పష్టముగా బదులు చెప్పుచున్నది. తల్లి ఎంత ఫ్లోరైడునీరు త్రాగినను ఆమె పాలలోనికి దిగునది స్వల్పము. పాలు మానిన నాటినుండియే దూడకు అపాయము మొదలగును. ఆవుజాతికి శాశ్వతమైన ముందుపండ్లు రెండు మొదలుకొని నాలుగేండ్లలోపల వెలుపలికి వచ్చును. అవి దవుడలో రూపొందుచున్న కాలముననే మచ్చ పడవలెను, వచ్చిన పిదప పడదు. పెరుగుచున్న ఎముకయు ముదిరిన ఎముకకంటె ఫ్లోరైడును అధికముగా పట్టుకొనును. కాబట్టి బోరునీటిని సీసాలో పట్టి పరీక్షకు పంపి, ఫ్లోరైడు హద్దు మీరినదని తెలిసినచో, కుంటచుట్టు కంప వేసి పశువులు దిగకుండ కాచి, ఆ నీటిని చేది వేరుతొట్టిలో పోసి, పాలుమానిన దూడలకును, పాలపండ్ల గిత్తలకును, రెండుపండ్లు, నాలుగుపండ్లు వేసిన పడుచుపశువులకును మొదట త్రాగింపవలెను. మిగిలినచో ఆరుపండ్లు దాటినవానికి. కుంట అడుగంటిన పిదప అన్నిటికిని బోరునీరే.